గడ్డి పీకిన యార్డు

పోయిన వారం ఇన్‌స్పెక్టరమ్మని బొగ్గు యార్డు గేటు ముందు జీపులో కూర్చోబెట్టి వదిలేశాం. పాపం, వారమంతా ఆ ఎండలోనే కూర్చుంది. కొత్తగా చదివేవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ఆమెను కిందికి దించుతాను.

రైలు పట్టాల పక్కనున్న ఆ యార్డులో ఒకప్పుడు లారీల్లో వచ్చిన బొగ్గుని దిబ్బగా పోసి, బెల్టు మీద ఎక్కించి, వ్యాగన్లు నింపేవాళ్లు. ఇప్పుడది మూతపడింది. కాగితం మీద మూతపడింది. దాని కింద పల్లంలో ఉన్న కాలనీ కుళాయిల్లో మాత్రం నల్లనీళ్లు రావడం ఆగలేదు. పిల్లల ఒళ్లంతా దద్దుర్లు తేలుతున్నాయని కాలనీ ఆడవాళ్లు బిందెలు పట్టుకుని ఆఫీసు మెట్ల మీద కూర్చున్నారు. వాళ్లని లేపడానికి ఆఫీసువాళ్లకి తనిఖీ తప్ప వేరే దారి కనిపించలేదు. తనిఖీకి పంపింది ఎవరినయ్యా అంటే, యార్డు ఇన్‌ఛార్జికి సొంత మరదలిని. ఇక్కడ ఏ పనీ జరగడం లేదు, ఇక్కణ్ణుంచి చుక్క నీరు బయటికి పోవడం లేదు అని ఆమె సంతకం పెడితే కాలనీవాళ్ల గోడు ఆ కాగితం కిందే సమాధి. పెట్టకపోతే బావ జైలుకి, అక్క వీధికి. పొద్దున బయల్దేరేటప్పుడు ఆమె కోరుకున్నది ఒకటే. ఆ యార్డు నిజంగానే చచ్చి ఉండాలి.

ఇక దించుదాం.

జీపు దిగగానే చెప్పు మెత్తగా దిగబడింది. నేల తడిగా ఉంది. వాన పడి చాలా రోజులైంది, ఆకాశంలో మబ్బు తునక లేదు. గేటు నుంచి వ్యాగన్లు నింపే చోటుదాకా నేలంతా నీళ్లు చల్లి ఉంది. పెద్దసారు వస్తున్నారని గేటు రెండు రెక్కలూ బార్లా తీసి పెట్టారు. ఆ గేటు పక్కనే తెల్లచొక్కా నిలబడి ఉన్నాడు.

తెల్లచొక్కా అంటే బావే. బొగ్గు యార్డులో పనిచేసే మనిషి చెవుల్లోంచి కూడా నల్లటి పొడి రాలుతుంది. ఈయన మాత్రం ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ మల్లెపువ్వులాంటి చొక్కాతోనే తిరుగుతాడు. కూలీలు పెట్టిన పేరది. మొదట్లో వెటకారానికి పెట్టారు, తర్వాత ఆయనకే ముద్దొచ్చింది.

పెద్దసారు జీపు ముందు సీటులోంచి ఒక్కో కాలే దింపుకుంటూ దిగాడు. ఇన్‌స్పెక్టరమ్మకి పై అధికారి. తనిఖీకి తోడుగా వచ్చానన్నాడు గానీ ఆయన చూపు యార్డు మీద లేదు, ఆఫీసు గదిలోంచి వస్తున్న వేపుడు వాసన మీద ఉంది. మీరు తిరిగి చూసి రండమ్మా, నాకు మోకాళ్లు సహకరించవు అని ఆ వాసన పట్టుకుని లోపలికి పోయాడు. మోకాళ్లు సహకరించని మనిషి అంత చురుగ్గా మెట్లెక్కడం ఇన్‌స్పెక్టరమ్మ అదే మొదటిసారి చూడటం. గది గుమ్మంలో క్యారియరు గిన్నెలు విప్పుతూ కనిపించింది అక్క. చెల్లెల్ని చూసి నవ్వింది. అక్క ఇక్కడికి ఎందుకొచ్చిందో ఇన్‌స్పెక్టరమ్మకి బోధపడలేదు. అడగబోయేలోపే బావ పద పద అంటూ ముందుకు నడిచాడు. వెనకాల వాచ్‌మన్ ఈలతాత వచ్చాడు. వ్యాగన్లు కదిలించేటప్పుడు ఈల ఊదేవాడు గనక ఆ పేరు. కాపురం పల్లంలో ఉన్న కాలనీలోనే. ఏది అడిగినా నాకు తెలీదమ్మగారూ అనడం ఒక్కటే ఆ ముసలాయన మిగుల్చుకున్న విద్య.

బావ పెళ్లివారికి ఇల్లు చూపిస్తున్నంత సంబరంగా యార్డు చూపించాడు. బెల్టు చట్రానికి కొత్త రంగు. వ్యాగన్లోకి బొగ్గు జారే పెద్ద గరాటుకి రంగుతో పాటు కీలు దగ్గర గ్రీజు కూడా. వేలు పెడితే పచ్చిగా అంటుకుంది. నేల అద్దంలా ఊడ్చి ఉంది. ఎక్కడా పరక గడ్డి లేదు.

ఆమె ఆగింది. గ్రీజు అంటిన వేలు గాలిలోనే పెట్టుకుని చుట్టూ చూసింది.

"గడ్డి ఎవరు పీకించారు బావా?"

"నేనే. మనుషుల్ని పెట్టి పీకించా. ఒక్క పరక కనిపిస్తే నా పేరు మార్చుకుంటా."

"నీళ్లు?"

"నీళ్లూ నేనే చల్లించా. నీ బట్టలు పాడవుతాయని."

ఎన్నేళ్ల అలవాటో చూడండి. యార్డు నడిచే రోజుల్లో తనిఖీ అనగానే ముందు దుమ్ము లేవకుండా నీళ్లు చల్లాలి, గడ్డి పీకాలి, కీళ్లకి గ్రీజు పెట్టాలి, తుప్పు మీద రంగు కొట్టాలి. ఆ నాలుగూ చేస్తే ఏ అధికారీ వేలెత్తి చూపేవాడు కాదు. ఆ లెక్కనే బావ ఈసారీ ముస్తాబు చేయించాడు. మూతపడిన యార్డు అని నిరూపించుకోవడానికి దేవుడిచ్చిన సాక్షి గడ్డి. అది మోకాలెత్తు పెరిగి ఉంటే, కీళ్లు తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంటే, ఇన్‌స్పెక్టరమ్మ గేటు దగ్గరే సంతకం పెట్టి వెళ్లిపోయేది. తన తరఫు సాక్షిని తనే మనుషుల్ని పెట్టి పీకించుకున్నాడు మహానుభావుడు. శవానికి పౌడరు పూసి, తల దువ్వి, చూడండి ఎంత బాగా చచ్చిపోయాడో అన్నట్టుంది.

పీకిన గడ్డి ఎక్కడ పోశారని అడిగింది. కాటా గది వెనక చూపించారు. ఇంత పెద్ద యార్డుకి గడ్డి గంపెడు కూడా లేదు. అదీ గోడవార మొలిచే రకం. నడిమధ్య నేలలో పీకడానికి అసలు గడ్డి మొలిస్తే కదా. రోజూ చక్రాలు తొక్కే చోట ఏం మొలుస్తుంది?

ఆ మాటే అంది. బావకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక కూడా ముఖంలో నవ్వు చెరిగిపోలేదు, అలాగే గడ్డకట్టింది. ఈలతాత అటు తిరిగి గట్టిగా దగ్గాడు. అది దగ్గో నవ్వో ఆయనకే తెలియాలి.

తర్వాత మడ్డిగుంట దగ్గరికి వెళ్లారు. దిబ్బ మీద పడిన వాననీరు, బెల్టు కడిగిన నీరు అందులోకి దిగి, మడ్డి అడుక్కి చేరి, పైన తేరిన నీరు మాత్రమే కాలవలోకి పోవాలన్నది పద్ధతి. ఇరవై అడుగుల ముందే కంపు ఎదురొచ్చింది. గుడ్లు కుళ్లి, ఆ గుడ్లని తిన్న పాము కూడా కుళ్లితే వచ్చే కంపు. తెల్లచొక్కా జేబులోంచి అత్తరు పూసిన రుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. ఆ అత్తరు కంపులో కలిసి కొత్త కంపైంది. ఇన్‌స్పెక్టరమ్మకి గుంట కంపు కన్నా అదే ఎక్కువ డోకు తెప్పించింది.

పైన పలచగా నీళ్లున్నాయి. నీళ్ల మీద ఇంద్రధనుస్సు రంగుల్లో నూనెపొర, ఆ పొరలో వెల్లకిలా తేలుతున్న కప్పలు. ఈలతాత చేతిలోని వెదురుగడ తీసుకుని ఆమె గుంటలో గుచ్చింది. జానెడు దిగి ఆగిపోయింది. మనిషి లోతు ఉండాల్సిన గుంట అడుగు నుంచి పైదాకా మడ్డితోనే నిండిపోయి ఉంది. గడ పైకి లాగితే నల్లటి జిగట తీగలు తీగలుగా సాగుతూ వచ్చింది. అది నల్లగా ఉంటే ఆమెకి అంత అసహ్యం వేసేది కాదు, బొగ్గు నల్లగానే ఉంటుంది. అది నిగనిగలాడుతోంది. పాతబొగ్గు ఎండకీ వానకీ వెలిసిపోయి బూడిదరంగుకి తిరుగుతుంది. ఈ మడ్డి ఈ వారం బొగ్గుది.

గట్టుకి అవతల వైపు మట్టి కప్పిన గొట్టం ఒకటి పల్లానికి దిగుతోంది. దాని మూతి కింద రాళ్లన్నీ నల్లగా నున్నగా తేలి ఉన్నాయి. ఆ రాళ్ల వెంట చూపు పోనిస్తే కాలనీ నీళ్లట్యాంకు, దానికి నీళ్లు తోడే బావి కనిపిస్తాయి.

బావ వాననీళ్లన్నాడు. ఎలకలు గట్టు తొలిచాయన్నాడు. పాత కాంట్రాక్టరు వదిలేసి పోయిన గొట్టమన్నాడు. ఆమె చూపు గొట్టం మీంచి తిప్పకపోయేసరికి రుమాలు తీసి, గొంతు తగ్గించాడు.

"చూడు అమ్మాయీ. ఇదంతా నీకు అవసరంలేని సంగతి. సంతకం పెట్టి పో. గుంట సంగతి నేను నెమ్మది మీద చూసుకుంటా."

"కాలనీలో పిల్లలకి ఒళ్లంతా పుళ్లు బావా."

"వాళ్లు స్నానాలు చెయ్యరు."

ఎంత తేలిగ్గా అన్నాడు. అన్నం తింటూ మెతుకు పారేసినంత తేలిగ్గా. ఇన్‌స్పెక్టరమ్మకి ఈ మనిషి చెయ్యి పట్టుకుని తను రోడ్డు దాటడం నేర్చుకుందని గుర్తొచ్చింది. ఆ చెయ్యి తన చేతిలో ఇంకా ఉన్నట్టే అనిపించి అరచెయ్యి చీరకి తుడుచుకుంది. గ్రీజూ మడ్డీ చీర మీదికి ఎక్కాయి.

తన సంతకం మాత్రం పడదని చెప్పింది. అప్పుడు బావ నవ్వాడు. ఈసారి నవ్వు నిజమైనదే.

"ఇంతమంది ఇన్‌స్పెక్టర్లు ఉండగా నిన్నే ఎందుకు పంపారో ఆలోచించావా? పెద్దసారు ఇంటికెళ్లి, మా చెల్లెల్ని పంపండి సార్, దానికి నేనంటే ప్రాణం, కాదనదు అని అడిగింది ఎవరనుకుంటున్నావు? మీ అక్కే. వెళ్లి అడుగు."

ఆమె వెళ్లింది.

ఆఫీసు గదిలో పెద్దసారు కోడికాలుతో కుస్తీ పడుతున్నాడు. మూతి చుట్టూ నూనె, గడ్డం కింద చెమట, బల్ల మీద ఎముకల కుప్ప. తింటూనే తల ఊపి కుర్చీ చూపించాడు. మీ అక్క చేతివంట తిన్నాక ఏ యార్డైనా శుభ్రంగానే కనిపిస్తుందమ్మా అని తన మాటకి తనే కదిలి కదిలి నవ్వాడు. అక్క ఆయన కంచంలో ఇంకో ముక్క వేసింది. చెల్లెలి వైపు చూడకుండానే వేసింది.

ఇన్‌స్పెక్టరమ్మ చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. మూలనున్న కుళాయి దగ్గరికెళ్లి తిప్పబోయింది.

"ఆ నీళ్లొద్దే," అంది అక్క గబుక్కున. "ఒంటికి పడవు. ఆ క్యాన్‌లో నీళ్లు పోస్తానుండు."

కుళాయి మీద చెయ్యి అలాగే ఉండిపోయింది.

అక్క అది ప్రేమగానే అంది. చిన్నప్పుడు వేడి గిన్నె ముట్టుకోబోతే ఎలా ఆపేదో అలాగే ఆపింది. ఇన్‌స్పెక్టరమ్మ తిరిగి ఆ క్యాన్ వైపు చూసింది. యార్డుకీ కాలనీకీ ఒకే ట్యాంకు. గదిలో పెద్దసారు ముందు గ్లాసులో ఉన్నదీ క్యాన్ నీళ్లే. పొద్దున అక్కావాళ్లింట్లో తను గుటగుటా తాగిందీ క్యాన్ నీళ్లే.

"ఇంట్లో స్నానాలకి కూడా ఇవే వాడతారా?"

"మరి? పిల్లలున్న ఇల్లు," అంది అక్క. అన్నాక గానీ తనేం అందో తనకి తెలియలేదు. గరిటె గిన్నెలో పెట్టేసి, పైట చెంగుతో బల్ల తుడవడం మొదలుపెట్టింది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది.

నన్ను పంపమని అడిగింది నువ్వేనా అని ఇక అడగక్కర్లేకపోయింది. ఎప్పుడో తెలిసిన సంగతిలా ఉంది. ఆ గది గాలి పీల్చడమే రోతగా అనిపించి ఆమె చేతులు కడుక్కోకుండానే బయటికొచ్చేసింది.

సరిగ్గా ఆ వేళకి మన కథలోకెల్లా నిజాయితీపరుడు ప్రవేశించాడు. ఒక లారీడ్రైవరు. చీకటితోనే రావాల్సినవాడు దారిలో టైరు పంక్చరై పొద్దెక్కాక వచ్చాడు. తనిఖీ సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. గేటు బార్లా తీసి ఉంది గనక హారను కూడా కొట్టకుండా తిన్నగా లోపలికి వచ్చేశాడు. లారీ నిండా బొగ్గు, టార్పాలిన్ కింద నుంచి నల్లగా మెరుస్తూ. తడి నేల మీద రెండు చక్రాల దారులు గేటు నుంచి బెల్టు దాకా గీత గీసినట్టు పడ్డాయి. కిటికీలోంచి తల బయటపెట్టి చుట్టూ చూశాడు.

"ఏం తాతా, ఇంత తళతళలాడించారు, మంత్రిగారొస్తున్నారా? ఎప్పటి చోటే దించనా?"

ఈలతాత తన విద్య ప్రదర్శించడానికి నోరు తెరిచి, ఇన్‌స్పెక్టరమ్మ ముఖం చూసి మూసుకున్నాడు. బావ లారీకి అడ్డం పరిగెత్తి, రివర్సు, రివర్సు అని రెండు చేతులూ ఊపాడు. దారి తప్పి వచ్చుంటాడు సార్ అని ఆఫీసు గది వైపు తిరిగి ఒక కేక. డ్రైవరుకి పాపం రోషమొచ్చింది. దారి తప్పడమేంటండీ, నిన్నా మొన్నా వచ్చింది నేను కాదా అన్నాడు.

ఇన్‌స్పెక్టరమ్మ ఒకటే లెక్క వేసుకుంది. లారీ గేటు దాటిందా, ఇక తన చేతిలో మిగిలేది బావ వాననీళ్లని కొట్టిపారేసే గుంట, గంపెడు గడ్డి, తడి నేల. ఎండ ఇంకాస్త ముదిరితే తడి నేల కూడా ఉండదు. లారీ లోపల ఉంటే యార్డు బతికుంది. బయటికి పోతే యార్డు చచ్చింది, దాంతోపాటు కాలనీ నీళ్ల సంగతీ చచ్చింది.

"తాతా, గేటు మూసెయ్."

పెద్దసారు గుమ్మంలోకి వచ్చాడు. పళ్ల సందులో అగ్గిపుల్ల. తొందరపడొద్దమ్మా, లోపలికి రా, కూర్చుని మాట్లాడుకుందాం అన్నాడు. ఈలతాత ఆయన వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూశాడు. ఆ ముసలాయన అంత వేగంగా నడవడం యార్డులో ఎవరూ చూసి ఉండరు. ఒక రెక్క మూశాడు. రెండోది సగం లాక్కొచ్చాడు. ఇంతలో ఆ సందులోకి అక్క వచ్చి నిలబడింది. చేతికి ఇంకా కూర మరకే ఉంది.

"మూయించకే," అంది.

"పక్కకి జరుగు అక్కా. బావ చేసిన దానికి నువ్వెందుకు అడ్డం నిలబడతావు?"

"బావ చేసింది ఏముంది? లారీ నాది."

ఇన్‌స్పెక్టరమ్మకి మొదట వినిపించలేదు. విన్నాక నమ్మలేదు. అక్క రోజువారీ సరుకుల సంగతి చెబుతున్నంత మామూలుగా చెప్పుకుపోయింది. లారీ తన పేరు మీదుంది. యార్డు అద్దెకి తీసుకుంది తను. బొగ్గు కొనేదీ అమ్మేదీ కాగితాల్లో తనే. ఆయన ఇక్కడ జీతగాడు, అంతే. రేపు ఎవరైనా వచ్చి పట్టుకుంటే ఆయన్ని పట్టుకోవడానికి ఏమీ లేదు.

ఆమె బావ కోసం చూసింది. ఆయన లారీ నీడలోకి జరిగి, చొక్కా చేతి మడత మీద పడిన బొగ్గుపొడిని గోటితో మెల్లగా, రుద్దితే ఇంకుతుందేమోనన్న జాగ్రత్తతో ఎగరగొడుతున్నాడు. భార్య మాటలు చెవిన పడుతూనే ఉన్నాయి. కాదనలేదు, అవుననలేదు. ఇంతసేపూ చూసిన గుంటలో కప్పలు, కంచంలో ఎముకలు, ముక్కు దగ్గర అత్తరు రుమాలు అన్నీ కలిపినా ఆ గోరు చేస్తున్న పనంత రోతగా లేవనిపించింది ఆమెకి.

పెద్దసారు అగ్గిపుల్ల ఊసి, తండ్రిలాంటి గొంతు పెట్టాడు. "ఇప్పుడైనా తెలిసిందా తల్లీ? నువ్వు గేటు మూయిస్తే లోపలికి పోయేది నీ తోడబుట్టింది. ఆలోచించుకో. నాకేం, నేను భోజనానికొచ్చినవాణ్ణి."

ఇన్‌స్పెక్టరమ్మ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, మనం అబద్ధం చెప్పకూడదు. తల దించుకుని పక్కకి జరిగి, లారీకి దారి ఇచ్చి, ఇంటికెళ్లి తలంటు పోసుకుంటే ఎలా ఉంటుందని కూడా ఆలోచించింది. తలంటుకి నీళ్లెక్కడివన్న ప్రశ్న వచ్చి అక్కడ ఆగింది.

"ఒకటే అడుగుతా అక్కా. తెలిసి పెట్టావా సంతకాలు, తెలీకా?"

తెలీదు అని ఒక్క మాట అంటే చాలు. పెద్దసారుకి తెలుసు, బావకి తెలుసు, అక్కకీ తెలుసు. ఆ మాట కోసమే ఇన్‌స్పెక్టరమ్మ అడిగింది. అక్క మొగుడి వైపు చూసింది. ఆయన ఇంకా చొక్కా మడత దగ్గరే ఉన్నాడు. ఎంతసేపు చూసినా తల ఎత్తలేదు. అక్క చూపు తిప్పుకుంది.

"తెలిసే పెట్టా," అంది. "క్యాన్లు తెప్పించుకుంటున్నదాన్ని, తెలీదంటే ఏం బాగుంటుంది."

"అయితే జరుగు."

అక్క జరిగింది. బయటికి జరుగుతుందనుకున్నారు అందరూ. లోపలికి జరిగింది. ఈలతాత రెండో రెక్క లాగి గొలుసు చుట్టాడు. డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో గుంట వైపు నుంచి గొట్టంలో నీళ్లు కారుతున్న చప్పుడు అందరికీ వినిపించింది.

ఇన్‌స్పెక్టరమ్మ సంచీలోంచి తెల్లకాగితం, కలం తీసింది. నల్లటి వేళ్ల ముద్రలు కాగితం అంచున పడ్డాయి. లారీ ముందు బంపరు మీదే దాన్ని పరిచింది. తల ఎత్తి అక్క ముఖంలోకి చూసింది. కాలనీలో ఏ గుమ్మం ముందైనా ఎలా అడుగుతుందో అలాగే అడిగింది.

"మీ పేరు చెప్పండమ్మా."

మీరు అన్న మాటకి అక్క కళ్లు ఒక్కసారి చెదిరాయి. వెంటనే సర్దుకుంది. పైట భుజం నిండా కప్పుకుని, తనూ పరాయి మనిషికి చెప్పినట్టే చెప్పింది.

"ఏ ఇంటిపేరుతో చెప్పమంటారు? ఈ యార్డు కాగితాల్లో నా మెట్టినింటి పేరుంది. ఏటి అవతలి యార్డు కాగితాల్లో పుట్టింటి పేరు రాయించారు."

బావ చెయ్యి చొక్కా మడత మీద ఆగిపోయింది. గుమ్మంలో పెద్దసారు మెట్టు దిగబోతూ గోడ పట్టుకున్నాడు.

ఏటికి అవతల ఇంకో యార్డు ఉందన్న సంగతి ఇన్‌స్పెక్టరమ్మ ఆఫీసులో ఏ పటంలోనూ లేదు.